సుస్థిర రవాణా అని ప్లాన్‌లో రాస్తే సరా? మూడు లక్షల ఊరు, 24 మీటర్ల రోడ్డు

పట్టణ_పటం:

నమస్కారం. మూడు లక్షల జనాభా ఉన్న ఒక జిల్లా కేంద్రానికి రవాణా ప్రణాళిక ముసాయిదా తయారవుతోంది. అందులో ‘సుస్థిర రవాణా అభివృద్ధి’ అని ఒక అధ్యాయం ఉంది. ఇప్పటికి దాన్లో చేరినవి: బస్టాండు సెంటర్లో ఫ్లైఓవర్, పన్నెండు రూట్లకు 60 ఎలక్ట్రిక్ బస్సులు, చెరువు కట్ట మీద 8 కి.మీ. సైకిల్ ట్రాక్. నిర్వచనం దగ్గర 1987 నాటి బ్రంట్లాండ్ నివేదికలోని మాట పెట్టారు: రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా ఇప్పటి అవసరాలు తీర్చుకోవడం అని. మాట బాగానే ఉంది గానీ దాన్ని పట్టుకుని ఫ్లైఓవర్ కావాలో వద్దో తేల్చలేం.

అసలు చిక్కంతా బస్టాండు నుంచి రైల్వే స్టేషన్ దాకా ఉన్న 2.4 కి.మీ. మెయిన్ రోడ్డుది. గోడ నుంచి గోడకు 24 మీటర్లు. ఉదయం 9 నుంచి 10 దాకా ఒక వైపు లెక్క: బైకులు, స్కూటర్లు కలిపి 1,600, ఆటోలు 420, ఎక్కువ షేర్ ఆటోలే, కార్లు 380, బస్సులు 22, సైకిళ్లు 150. నడిచేవాళ్లను లెక్కపెట్టలేదు. డ్రెయిన్ మీది పలకలే ఫుట్‌పాత్.

కొలిచి చూడగలిగే నిర్వచనం ఎలా రాయాలి? ఈ రోడ్డు మీద మొదట ఏం చేయాలి? 60 బస్సుల అంకె సరైనదేనా?

లెక్కల_మాస్టారు:

బ్రంట్లాండ్ మాటను మొదటి పేజీలో ఉండనివ్వండి, నష్టం లేదు. ఎస్టిమేట్ వేసేవాళ్లకు, టెండరు రాసేవాళ్లకు పనికొచ్చే నిర్వచనం దాని కింద వేరే రాయండి. ఇలాంటిది:

“సొంత బండి లేని మనిషి కూడా ఊళ్లో ఏ మూల నుంచైనా పనికి, బడికి, ఆసుపత్రికి, బజారుకు ప్రాణభయం లేకుండా, తన రోజుకూలికి తగ్గ ఖర్చుతో చేరగలగాలి. ఆ ఏర్పాటు నడిచే ఖర్చు ఏటేటా ఎవరు కడతారో ముందే తేలి ఉండాలి. ఒక మనిషిని ఒక కిలోమీటరు చేర్చడానికి కాలే ఇంధనం, పట్టే రోడ్డు ఏటేటా తగ్గాలి.”

ఇందులో కొలతకు దొరకని ముక్క ఒక్కటీ లేదు. చేరువకు కొలత: ఇంటి నుంచి 500 మీటర్లలోపు బస్టాపు ఉన్న జనాభా ఎంత శాతం అన్నది. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.2 కింద వాడేది ఇదే. మ్యాపు మీద వృత్తం గీసి సరిపెట్టకండి, నడిచే దారి వెంట కొలవండి. మధ్యలో రైల్వే కట్ట ఉంటే వృత్తంలో ఉన్న కాలనీ కూడా కిలోమీటరున్నర దూరం కావచ్చు. పైగా రోజుకు రెండు బస్సులు వచ్చే టాపు కూడా ఆ లెక్కలో టాపే. అందుకని ‘15 నిమిషాలకో బస్సు వచ్చే టాపు’ అని మీరు బిగించుకోండి. ప్రాణభయానికి కొలత: ఏడాదిలో చనిపోయినవాళ్లు ఎందరు, వాళ్లలో నడిచేవాళ్లెందరు, బైకుల మీదివాళ్లెందరు, ఏ చోట అన్నది. పోలీసులు ప్రమాదాల వివరాలు ఐరాడ్ అనే జాతీయ రోడ్డు ప్రమాదాల డేటాబేస్‌లో ఎక్కిస్తున్నారు, చోటుతో సహా అక్కడే దొరుకుతాయి.

ఇంధనం దగ్గరే అందరూ తప్పుతారు. బండికి మైలేజీ చూస్తారు, మనిషికి చూడరు. ఒక లీటరుతో మొత్తం ఎన్ని మనిషి-కిలోమీటర్లు వస్తాయో చూడండి. డీజిల్ సిటీ బస్సు లీటరుకు 4.5 కి.మీ., లోపల 45 మంది ఉంటే 200. బైకు 45 కి.మీ., సగటున 1.4 మనిషి, 63. కారు 14 కి.మీ., 1.6 మనిషి, 22. అదే బస్సులో అయిదుగురే ఉంటే 22.5, అంటే కారుతో సమానం. ఖాళీ బస్సు ఏ ఇంధనంతో తిరిగినా సుస్థిరం కాదు.

ఇక మీ లెక్క. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 106 గుణకాలతో పీసీయూల్లోకి, అంటే ఒక్కో బండి ఎన్ని కార్లతో సమానమో ఆ లెక్కలోకి, మారిస్తే: బైకులు 0.75తో 1,200, ఆటోలు 2.0తో 840, కార్లు 380, బస్సులు 2.2తో 48, సైకిళ్లు 60. మొత్తం 2,530 దాకా. కన్సల్టెంట్ ఇక్కడే ఆగిపోయి ‘సామర్థ్యం దాటింది, ఫ్లైఓవర్ కావాలి’ అని రాస్తాడు. మీరు ఇంకో వరుస వేయండి. బైకుకు 1.4, షేర్ ఆటోకు 4, కారుకు 1.6, బస్సుకు 45 చొప్పున మనుషులు 5,670. కార్లు రోడ్డులో 15 శాతం పట్టి 11 శాతం మందిని తీసుకెళ్తున్నాయి. బస్సులు 2 శాతం పట్టి పదిహేడున్నర శాతం మందిని తీసుకెళ్తున్నాయి. ఈ మనుషుల గుణకాలు ఇక్కడ అనుకున్నవి మాత్రమే. రోడ్డు పక్కన నిలబడి ప్రతి పదో బండిలో తలలు లెక్కపెట్టి మీ ఊరివి వేసుకోండి.

2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది కూడా ఇదే, కదలాల్సింది మనుషులు, బండ్లు కాదు అని. ఆ మాటను ప్రతి ప్లాన్‌లో ఎత్తి రాస్తారు. ఎత్తి రాసిన మరుసటి పేజీలోనే పీసీయూ పట్టిక ఉంటుంది.

కర్బ్‌స్టోన్:

మెయిన్ రోడ్డు సంగతి చెప్తాను. 24 మీటర్లు తక్కువేం కాదు. ఒక్కో వైపు ఫుట్‌పాత్ 2.5 మీ., దాని పక్కన స్తంభాలకు, చెట్లకు, తోపుడు బండ్లవాళ్లకు, ఆటోస్టాండుకు 1.8 మీ. పట్టీ, తర్వాత రెండు వరుసల రోడ్డు 7 మీ. ఇది 11.3. రెండు వైపులా 22.6. డివైడరు 1.2 మీ. మిగిలిన 20 సెం.మీ. కర్బ్‌లకు, అంటే అంచు రాళ్లకు, పోతాయి. కొలత ఎప్పుడూ గోడల వైపు నుంచి మొదలవ్వాలి. మధ్యగీత నుంచి మొదలుపెట్టి రోడ్డు ముందు గీస్తే ఫుట్‌పాత్‌కు మిగిలేది అడుగున్నర.

బజారులో 2.5 మీ. అంటే అడ్డంకి లేని 2.5 మీటర్లే. ఐఆర్‌సీ 103 ఇళ్ల మధ్య కూడా 1.8 మీటర్లకు తగ్గొద్దంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మధ్యలో వస్తే అక్కడ వెడల్పు సున్నా అని రాసుకోండి.

ఎత్తు 150 మి.మీ. దాటకూడదు. మన ఊళ్లలో 300, 400 ఎందుకవుతుందంటే డ్రెయిన్ పైకప్పే ఫుట్‌పాత్ కాబట్టి. అవుట్‌ఫాల్ లెవెల్‌ను, అంటే నీళ్లు బయటికి పోయే చోటి మట్టాన్ని, బట్టి డ్రెయిన్ గోడ ఎక్కడికి లేస్తే పలక అక్కడికి లేస్తుంది. ప్రతి షాపువాడూ తన గుమ్మానికి తగ్గట్టు ర్యాంపు కట్టుకుంటాడు. దాంతో అది మెట్ల వరుస అవుతుంది, జనం దిగి రోడ్డు మీద నడుస్తారు. ‘కట్టించినా వాడరండీ’ అంటారు తర్వాత. డ్రెయిన్‌ను ఫుట్‌పాత్ కింద కాకుండా ఆ 1.8 మీ. పట్టీ కిందికి తీసుకురండి. పది మీటర్లకో తీసే మూత, మూతకు ఎత్తడానికి కొక్కేలు ఉండాలి. అవి లేకపోతే పూడిక తీసేవాళ్లు గడ్డపారతో పెకలిస్తారు, మొదటి వానాకాలానికే అంచులు విరుగుతాయి.

గేటులోకి బండి వెళ్లేచోట ఫుట్‌పాత్‌ను దించొద్దు. బండే ఎక్కి దిగాలి, ఆ వాలంతా 1.8 మీ. పట్టీలోనే అయిపోవాలి. చక్రాల కుర్చీ ఎక్కే చోట వాలు 1:12.

ఎవరూ రాయని ముక్క ఒకటుంది. తారు వేసిన ప్రతిసారీ రోడ్డు 40, 50 మి.మీ. లేస్తుంది. మూడు సార్లు వేస్తే 150 మి.మీ. కర్బ్ మాయం, బైకులన్నీ ఫుట్‌పాత్ మీదే. పాత పొరను గీకి తీసేయడం, అంటే మిల్లింగ్, ఎస్టిమేట్‌లో విడిగా ఒక ఐటెంగా ఉండాలి. ‘పూర్తయ్యాక కర్బ్ పైకి కనిపించే ఎత్తు 150’ అని కొలత కూడా రాయండి, ఎంబుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో, నమోదు చేయమనండి.

తోపుడు బండ్లను తీసేయిస్తాం అని ప్లాన్‌లో రాయకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, టౌన్ వెండింగ్ కమిటీని దాటి తీసేయలేరు. ఆ పట్టీలో 1.8 × 1.8 గళ్లు గీసి నంబర్లు ఇవ్వండి. జనం ఉన్న ఫుట్‌పాత్ మీద బైకు పెట్టడానికి ఎవరైనా కాస్త మొహమాటపడతారు, అదీ మీకు లాభమే.

మొత్తం 2.4 కి.మీ. ఒకేసారి పెట్టుకోవద్దు. బస్టాండు వైపు 800 మీటర్లు. ముందు నెల రోజులు నీళ్లు నింపే ప్లాస్టిక్ బారికేడ్లు, తెల్ల రంగు పెట్టి చూడండి. తప్పు గీస్తే రంగు చెరిపేయొచ్చు. కాంక్రీటు పోశాక అలా కుదరదు.

డిపో_గేటు:

60 బస్సుల మీద. కేంద్రం పట్టణ రవాణాకు పెట్టిన కొలమానాల్లో వెయ్యి మందికి 0.6 బస్సు ఉంటే మొదటి స్థాయి. మూడు లక్షలకు అది 180. మీ 60 అంటే వెయ్యికి 0.2, మూడో స్థాయి మొదటి మెట్టు. తక్కువే, అయినా అసలు తప్పు అంకెలో కాదు, పన్నెండు రూట్లలో.

9 కి.మీ. రూటు, గంటకు 15 కి.మీ. వేగం అనుకోండి. ఒక వైపు 36 నిమిషాలు, రానూపోనూ 72, రెండు చివర్లా నాలుగేసి నిమిషాల ఆగుదల కలిపి 80. పది నిమిషాలకో బస్సు కావాలంటే 8 బస్సులు, స్పేర్ ఒకటి, తొమ్మిది. అంటే 54 బస్సులతో ఆరు రూట్లు గట్టిగా నడుస్తాయి. మిగిలిన ఆరింటిని బడి వేళకు, ఆసుపత్రి వేళకు ఉంచుకోండి. పన్నెండు రూట్లకు పంచితే ఒక్కోదానికి నాలుగైదు, ఇరవై నిమిషాలకో బస్సు. ఇరవై నిమిషాలు నిలబడే ఓపిక ఎవరికీ ఉండదు, ఎదురుగా షేర్ ఆటో ఉంది కదా.

ఇదే రూటులో జామ్ వల్ల వేగం 11కి పడితే ఒక వైపు 49 నిమిషాలు, మొత్తం 106, అదే పది నిమిషాల సర్వీసుకు 11 బస్సులు. సీటు ఒక్కటీ పెరగలేదు, మూడు బస్సులు, వాటి డ్రైవర్లు మాత్రం అదనం. కర్బ్‌స్టోన్ గారి పనికీ బస్సు ఖర్చుకీ సంబంధం ఇక్కడుంది.

డబ్బు. ఎలక్ట్రిక్ బస్సులు ఇప్పుడు ఎక్కువగా కిలోమీటరుకు ఇంత అని ఆపరేటరుకు కట్టే ఒప్పందం మీదే వస్తున్నాయి. రేటు 60 రూపాయలు, టికెట్ల మీద వచ్చేది కిలోమీటరుకు 35 అనుకుందాం. 54 బస్సులు రోజుకు 180 కి.మీ. తిరిగితే 9,720 కి.మీ. లోటు రోజుకు 2.43 లక్షలు, ఏడాదికి దగ్గరదగ్గర 8.9 కోట్లు. మీకు వచ్చే అసలు రేటు వేసి ఈ అంకెను ప్లాన్‌లో రాయండి, పక్కన కట్టేవాళ్ల పేరు రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే మిగతా అధ్యాయం అలంకారమే. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవలో 10,000 బస్సులకు పదేళ్ల నిర్వహణ సాయం ఉంది. కానీ దాని అర్హత 2011 జనగణన ప్రకారం మూడు లక్షల జనాభా. మీ మూడు లక్షలు ఇప్పటివైతే ముందు అది చూసుకోండి.

మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఉంది. అంతకు ముందరి టికెట్ లెక్కలతో రద్దీ అంచనా వేస్తే తక్కువొస్తుంది. సున్నా టికెట్ల లెక్క రూటువారీగా అడిగి తీసుకోండి. నిర్వచనంలో ‘సొంత బండి లేని మనిషి’ అన్నారే, ఆ మనిషి ఎక్కడెక్కి ఎక్కడ దిగుతోందో చెప్పే కాగితం అదే.

కరెంటు. 9 మీటర్ల బస్సు కి.మీ.కు 0.9 యూనిట్ అనుకుంటే ఒక్కో బస్సుకు రోజుకు 162 యూనిట్లు, 54 బస్సులకు 8,750. చార్జింగ్‌లో పోయేది కలిపి 9,600. అంతా రాత్రి ఆరు గంటల్లో ఎక్కించాలంటే 1,600 కిలోవాట్లు. మధ్యాహ్నం 11 నుంచి 3 దాకా రద్దీ తగ్గినప్పుడు విడతలవారీగా 40 శాతం ఎక్కిస్తే రాత్రి లోడు 960కి దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదవుతుంది, గరిష్ఠ లోడును బట్టి కట్టే డిమాండ్ చార్జీ తగ్గుతుంది, సౌర విద్యుత్తు దండిగా ఉండే వేళ కూడా అదే. డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, హెచ్‌టీ (హై టెన్షన్) లైను దరఖాస్తు బస్సుల టెండరు కంటే ముందు వెళ్లాలి. బస్సులొచ్చి డిపోలో నిలబడి, లైను కోసం చూడటం మామూలుగా జరిగే పొరపాటు.

ఇంకొకటి నిజాయితీగా రాయండి. దేశ గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే ఈ బస్సుకు కి.మీ.కు 630 గ్రాములు. లీటరు డీజిల్‌కు 2.68 కిలోలు, 4.5 మైలేజీకి 600 గ్రాములు. ఇవాళ్టికి పెద్ద తేడా లేదు. రోడ్డు మీద పొగ, మోత పోవడం మాత్రం మొదటి రోజు నుంచే లాభం. కార్బన్ లాభం గ్రిడ్ మారే కొద్దీ వస్తుంది.

పట్టణ_పటం:

చాలా ఉపయోగం. ‘ఫ్లైఓవర్ వద్దంటే బస్సులకు మధ్యలో ప్రత్యేక వరుస ఇవ్వండి, బీఆర్టీఎస్ లాగా’ అని కౌన్సిల్‌లో కొందరు అంటున్నారు. సైకిల్ ట్రాక్ సంగతి కూడా చెప్పండి.

లెక్కల_మాస్టారు:

గంటకు 22 బస్సులకు పూర్తి వరుస ఇవ్వకండి. మూడు నిమిషాలకో బస్సు పోతుంది, మధ్యలో అది ఖాళీగా కనిపిస్తుంది, పక్కన జామ్‌లో ఉన్నవాడికి కడుపు మండుతుంది. మొదట బైకు దూరుతుంది, తర్వాత ఆటో, తర్వాత అంతా. విజయవాడ సత్యనారాయణపురంలో బీఆర్టీఎస్ రోడ్డు అన్న పేరు నిలిచింది, దాని మీద ఆ పద్ధతిలో బస్సులు నడవడమే నిలవలేదు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 2008లో 5.8 కి.మీ. వేసి, చివరికి తవ్వి తీసేశారు. అక్కడ బస్సుల కొరత లేదు. జంక్షన్లలో సిగ్నల్ చక్రం సాగిపోయి అందరూ ఇరుక్కుపోవడం పెద్ద సమస్య అయింది. 2009లో మొదలైన అహ్మదాబాద్ బీఆర్టీఎస్ జన్‌మార్గ్‌లో బస్టాపు ప్లాట్‌ఫారం, బస్సు నేల ఒకే ఎత్తులో, టికెట్ ముందే. వరుస ఒక్కటే కాకుండా మొత్తం పద్ధతిగా కట్టారు.

మీకు కావాల్సింది సిగ్నల్ ముందు 60 మీటర్లు బస్సుకు ఖాళీ, అంతే. ఎడమ వరుసలో ఎర్ర రంగు, ఆ 60 మీటర్లలో పార్కింగ్ సున్నా. బస్టాపును సిగ్నల్ దాటాక పెట్టండి. ముందు పెడితే జనం ఎక్కేసరికి పచ్చలైటు పోతుంది, ఇంకో చక్రం ఆగాలి. టాపు కోసం ఫుట్‌పాత్‌ను లోపలికి చెక్కి బే కట్టొద్దు. లోపలికెళ్లిన బస్సును మళ్లీ ఎవరూ రానివ్వరు, అది తెలిసే డ్రైవరు రోడ్డు మధ్యలోనే ఆపుతాడు. ఆటోస్టాండుకు టాపు దాటాక 25 మీటర్ల అవతల గళ్లు గీసివ్వండి. ఆటోలను వెళ్లగొట్టే మాట ఎత్తొద్దు, మీ లెక్కలో 1,680 మంది వాటిలోనే ఉన్నారు.

ఫ్లైఓవర్ గురించి ఒక్క మాట. అది జామ్‌ను తర్వాతి సెంటర్‌కు మోసుకెళ్తుంది. కింద దిగే ర్యాంపుకు మీ 24 మీటర్లలో చోటెక్కడుందో డ్రాయింగ్ అడగండి చాలు.

సైకిల్ ట్రాక్: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కి.మీ. ట్రాక్ వేశారు. పొద్దున్నే తొక్కేవాళ్లకు బాగుంటుంది. మీ చెరువు కట్టది కూడా అలాంటిదే, దాన్ని పార్కుల పద్దులో పెట్టండి. రవాణా పద్దులో రావాల్సింది ఆ గంటలో మెయిన్ రోడ్డు మీద పోయిన 150 సైకిళ్లు. వాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారో అడగండి.

కర్బ్‌స్టోన్:

పైన చెప్పినదానికి ఒక సవరణ. డివైడరు 1.2 మీ. అన్నాను. రోడ్డు దాటేవాళ్లు మధ్యలో ఆగడానికి అది చాలదు, చక్రాల కుర్చీ అసలు పట్టదు. దాటే చోట రెండు వైపులా రోడ్డును 40 సెం.మీ. చొప్పున తగ్గించి డివైడరును 2 మీటర్లు చేయండి. ముసలివాళ్లు సెకనుకు 0.8 మీ. నడుస్తారనుకుంటే 6.6 మీటర్లకు 8.25 సెకన్లు. మధ్యలో ఆగే చోటు లేకపోతే 15.2 మీ. ఒకేసారి దాటాలి, 19 సెకన్లు. ట్రాఫిక్ వాళ్లు అంత పచ్చలైటు ఇవ్వరు.

సిగ్నల్ లేని చోట ఫుట్‌పాత్ ఎత్తుకే రోడ్డును లేపి జీబ్రా వేయండి. నీళ్లు నిలవకుండా రెండు అంచుల్లో జాలీ పెట్టి డ్రెయిన్‌లోకి దారివ్వాలి. అది మర్చిపోతే మొదటి వానకే చెరువవుతుంది, రెండో వారంలో ఎవరో ఫోన్ చేసి పగలగొట్టిస్తారు.

పార్కింగ్ ఎవరూ ఎత్తలేదు. ఆ 2.4 కి.మీ.లో కాంప్లెక్సుల సెల్లార్లు ఎన్ని గోడౌన్లయ్యాయో ముందు జాబితా తీయించండి. ప్లాన్ అనుమతిలో పార్కింగ్ అని చూపినవే అవన్నీ.

పట్టణ_పటం:

నడిచేవాళ్ల లెక్క, బండిలో తలల లెక్క మళ్లీ తీయిస్తున్నాం. ఏ రోజుల్లో తీయించాలి? వచ్చే నెల అయితే సిబ్బంది దొరుకుతారు.

లెక్కల_మాస్టారు:

మంగళ, బుధ, గురువారాల్లో ఏవైనా రెండు రోజులు, ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 8. పదిహేను నిమిషాల గళ్లు. సంత జరిగే రోజు ఒకటి విడిగా. బడి సెలవులుంటే వద్దు, పరీక్షల వారం వద్దు. కల్యాణ మంటపాలు ఆ రోడ్డు మీదే ఉంటే పంచాంగం చూసి తేదీ వేయండి, పెద్ద ముహూర్తం నాడు సాయంత్రం లెక్క ఎందుకూ పనికిరాదు. ఆషాఢంలో తీస్తే బట్టల బజారు డిస్కౌంట్ల జనం లెక్కలోకి వస్తారు, మంటపాల జనం రారు. నడిచేవాళ్లను రెండు గళ్లలో రాయించండి: ఫుట్‌పాత్ మీద నడిచినవాళ్లు, రోడ్డు మీద నడిచినవాళ్లు. రెండో గడి నిండిన చోట్లను మ్యాపు మీద గుర్తు పెట్టండి. ఆ 800 మీటర్లు ఎక్కడ మొదలుపెట్టాలో అదే చెప్తుంది, బస్టాండు వైపే కావాలని లేదు.